నాలుగంగుళాల తేడా

మేస్త్రి భార్య జబ్బుతో చచ్చిపోలేదు. దూరంతో చచ్చిపోయింది.

వారానికి మూడుసార్లు, పోను మూడు గంటలు, రాను మూడు గంటలు బస్సులో కూర్చుని, పెద్ద ఊళ్ళో రక్తం శుద్ధి చేయించుకుని వచ్చే మనిషి ఒకనాడు తిరుగు ప్రయాణంలో కిటికీకి తల ఆనించింది. మళ్ళీ ఎత్తలేదు. ఈ ఊరి ఆసుపత్రిలో ఒక్క డయాలసిస్ మిషన్ ఉండి ఉంటే ఆవిడ బతికేది. ఆ మిషన్ పంపమని నాలుగేళ్ళ కిందట, ఆవిడ బతికుండగానే, మేస్త్రి సర్కారుకు ఉత్తరం రాశాడు. గది ఖాళీగా ఉందని రాశాడు, గది పటం గీశాడు, కొలతలు వేశాడు. జవాబు రాలేదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఆవిడ పోయినప్పటినుంచి ఎవరు దొరికితే వాళ్ళకు ఆయన ఇదే చెబుతున్నాడు, అదే వరసలో, అవే మాటలతో. ఆయన్ని దూరంనుంచి చూసి జనం వీధి మారేదాకా వచ్చింది.

ఆ ఆసుపత్రిలోనే ఆయన కరెంటు మేస్త్రి. ఫ్యూజులు వేస్తాడు, ఫ్యాన్లు దింపుతాడు, జనరేటరును తిడతాడు.

ఎన్నికలు ఇంకా పది రోజులున్నాయనగా, సోమవారం పొద్దున్నే రెండు లారీలు గేటు ముందు ఆగాయి. చెక్క పెట్టెలు దించారు. ఒక్కొక్కటి బీరువా అంత. పెట్టెల మీద సముద్రం అవతలి దేశం జెండా ముద్ర, దాని పక్కన ఇక్కడ అధికారపు కుర్చీలో ఉన్న పెద్దాయన నవ్వుతున్న బొమ్మ. బొమ్మ కింద ‘మిత్రదేశపు కానుక’ అని రాసి ఉంది.

"ఏమిటమ్మా ఇవి?" అని మేస్త్రి పెద్ద నర్సును అడిగాడు.

ఆవిడ కాగితం మీద సంతకం పెడుతూ తలెత్తలేదు. "కూర్చుని వినండి మేస్త్రి గారూ."

"నాకేం కాలు విరిగిందా కూర్చోడానికి?"

"డయాలసిస్ మిషన్లు. రెండు. గురువారానికల్లా నడవాలట."

మేస్త్రి కూర్చోలేదు. వెళ్ళి మొదటి పెట్టె మీద చెయ్యి వేశాడు. ఎండకు చెక్క వెచ్చగా ఉంది. నాలుగేళ్ళలో రానిది ఒక్క పొద్దున వచ్చేసింది. లారీ డ్రైవరు "ఏమయ్యా, జరుగు జరుగు" అని మూడుసార్లు అరిస్తే గానీ కదల్లేదు.

మిషన్ల వెంట అవతలి దేశపు ఇంజనీరు ఒకడు వచ్చాడు. ద్వారబంధం కింద తల వంచితే గానీ ఏ గదిలోకీ పట్టని మనిషి. ఊరు మొదటి గంటలోనే అతనికి పొడుగాయన అని పేరు పెట్టేసింది. మన భాష వచ్చీరానట్టు మాట్లాడతాడు. పని మాత్రం గడియారంలా చేస్తాడు. పెట్టె విప్పే ముందు మేకులన్నీ ఏరి డబ్బాలో వేసి, డబ్బా మూత పెట్టి, అప్పుడు చెక్క ఎత్తాడు. మేస్త్రికి అది నచ్చింది. మేకులు నేలమీద పారేసే మనుషుల మధ్య ముప్ఫై ఏళ్ళు పని చేశాడాయన.

మంగళవారం పొద్దున పొడుగాయన ఖాళీగా ఉన్న మూల గదిలోకి వచ్చి ఒక పటం గోడకు అంటించాడు. తర్వాత అగ్గిపెట్టెంత పరికరం ఒకటి తీసి ఒక గోడకు ఆనించి నొక్కాడు. ఎదుటి గోడ మీద ఎర్రటి చుక్క వెలిగింది. పరికరం మీద అంకె పడింది. అంతే, గది కొలిచేశాడు. మేస్త్రి ఆ చుక్క దగ్గరికి వెళ్ళి వేలితో తాకి చూశాడు. వేలి మీద చుక్క పాకింది.

పొడుగాయన పటం చూసి, అంకె చూసి, మళ్ళీ కొలిచాడు. మొహం చిట్లించాడు.

"గోడ చిన్నది. పది సెంటీమీటర్లు చిన్నది."

తలుపు కొలిచాడు. పది సెంటీమీటర్లు తక్కువ. కిటికీ కొలిచాడు. అదీ పదే తక్కువ.

"మేస్త్రి, గది ముడుచుకుంది? చలికి?" అని తన జోకుకు తనే నవ్వాడు.

మేస్త్రి నవ్వలేదు. పది సెంటీమీటర్లంటే నాలుగంగుళాలు. ఆరడుగుల కిటికీకీ నాలుగంగుళాలే, పదిహేనడుగుల గోడకీ నాలుగంగుళాలే. అలాంటి తప్పు లోకంలో ఒకే ఒక్క టేపు చేస్తుంది. ఆ టేపు ఆయన చొక్కా జేబులో ఉంది. దాని మొదటి నాలుగంగుళాలు ఎప్పుడో తలుపు సందులో పడి తెగిపోయాయి. నాలుగు దగ్గర పట్టుకుని కొలవడం, వచ్చిన అంకెలోంచి నాలుగు తీసేయడం ఆయనకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. గది పటం గీసి ఉత్తరంతో పంపిన రోజున మాత్రం తీసేయలేదు. ఆ రోజు ఆయన బుర్ర కొలతల మీద లేదు.

పటం దగ్గరికి వెళ్ళాడు. గీతలు అచ్చులో ఉన్నాయి, రాత పరాయి భాషలో ఉంది. కానీ గది తనదే. అంకెలు తనవే. కుర్చీ బొమ్మ కిటికీ వైపు తిరిగి ఉంది. ఆ మాట తనే రాశాడు: ‘నాలుగు గంటలు కదలకుండా కూర్చోవాలి గనుక కుర్చీని కిటికీ వైపు తిప్పి వేయించవలెను.’ ఎవరు చదువుతారులే అనుకుంటూనే రాశాడు. ఎవరో చదివారు. సముద్రం అవతల, ఆయన పేరైనా పలకలేని మనిషెవరో బల్ల ముందు కూర్చుని, ఆ వాక్యాన్ని అర్థం చేసుకుని, కుర్చీని కిటికీ వైపు తిప్పి గీశాడు.

నాలుగేళ్ళుగా తన ఉత్తరం ఏదో చెత్తబుట్టలో పడి ఉందనుకున్నాడు. అది ఓడలెక్కి తిరిగొచ్చింది.

"ఈ కింద ఉన్న అంకె ఏమిటి?" అని పటం మూల చూపించాడు.

"తేదీ. పటం గీసిన తేదీ."

మేస్త్రి వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాడు. ఉత్తరం రాసిన రెండు నెలలకు గీశారు. ఆ తర్వాత ఆయన భార్య ఏడాదికి పైగా బతికింది. వారానికి మూడుసార్లు బస్సెక్కింది.

ఆ రోజంతా ఆయన గోడ చెక్కాడు. పెద్ద పటం ప్రకారం తయారై వచ్చిన నీళ్ళ శుద్ధి ప్లాంటు ఇనుప చట్రం, చిన్న గదిలో పట్టాలంటే అటు రెండంగుళాలు, ఇటు రెండంగుళాలు గోడలో గూడు తీయాలి. ఉలి పెట్టి సుత్తితో కొడుతుంటే సున్నం పెళ్ళలు కనుబొమ్మల మీద రాలుతున్నాయి. తన తప్పును తనే చెక్కుకుంటున్నాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

బుధవారం ఎర్త్ గొయ్యి తవ్వారు. మిషన్‌లో మనిషి రక్తం తిరుగుతుంటుంది గనుక పొరపాటున లీకయిన కరెంటు మనిషిలోకి కాక నేలలోకి పోవాలి. ఆసుపత్రి వెనక, మనిషి లోతు గోతిలో నడుమ గొట్టం నిలిపి, దాని చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు పోసి నీళ్ళతో తడుపుతున్నారు. పొడుగాయన చొక్కా విప్పి తనూ పార పట్టుకున్నాడు.

"మా ఊరే ఎందుకు ఎంచుకున్నారు?" అని గోతిలోంచి మేస్త్రి అడిగాడు.

"నాకు తెలీదు అని చెప్పాలి." పొడుగాయన ఉప్పు బస్తా మూతి విప్పాడు. "మా ఆఫీసులో పెద్ద పుస్తకం. మీ సర్కారును ఏ ఊరు ఏమి అడిగింది, అన్నీ. బావి, బ్రిడ్జి, మిషన్. మీ సర్కారు చదవదు. మేము చదువుతాము."

"చదివి?"

"దాస్తాము. ఎన్నికలు వస్తే చూస్తాము. ఏ ఊరు అటా ఇటా ఊగుతుంది? ఆ ఊరు అడిగింది ఇస్తాము. మీ పెద్దాయన మాకు మంచి. రావాలి మళ్ళీ."

"మధ్యలో చచ్చిపోయినవాళ్ళ సంగతి?"

పొడుగాయన గొట్టం చుట్టూ బొగ్గు సర్దాడు. "నేను మిషన్ పెట్టేవాడు, మేస్త్రి. ఎందుకు, ఎప్పుడు, అది నా జీతంలో లేదు. నా జీతంలో ఉంటే ముందే పెడతాను."

గొట్టానికి వైరు బిగించి, నేల కరెంటును ఎంత అడ్డుకుంటోందో పరికరంతో పరీక్షించారు. ముల్లు ఒక ఓమ్‌కి తక్కువ చూపించాలి. రెండున్నర దగ్గర ఆగింది. ఇంకో అరబస్తా ఉప్పు, ఇంకో పది బిందెల నీళ్ళు. ముల్లు నెమ్మదిగా దిగి ఒకటి దాటి ముప్పావు దగ్గర నిలిచింది. పొడుగాయన బురద చెయ్యి చాపాడు. మేస్త్రి ఆ చెయ్యి పట్టుకున్నాడు. పని బాగా కుదిరినప్పుడు పట్టుకోవడం పని మర్యాద. అంతకుమించి ఏమీ లేదు.

ఆ సాయంత్రం బావమరిది ఇంటికి వచ్చాడు. భార్యకు తమ్ముడు. బడిపంతులు. ఈసారి ఎదుటి పక్షం తరఫున కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నాడు, గొంతు బొంగురుపోయింది. మేస్త్రి అప్పటికి రెండు రోజులుగా మింగి కూర్చున్నాడు. చెప్పేశాడు. పటం, తేదీ, నాలుగంగుళాలు, కిటికీ వైపు కుర్చీ, అన్నీ.

బావమరిది నిలబడినవాడు కూలబడ్డాడు.

"అంటే అక్క బతికుండగానే..."

"ఊఁ."

"మిషన్ ఇద్దామని పటం గీసుకుని, అక్క చచ్చేదాకా చూసి, ఇప్పుడు ఓట్లకని తెచ్చారు!"

"మీ అక్క చచ్చేదాకా చూడలేదురా. మీ అక్క ఉన్నట్టే వాళ్ళకి తెలీదు. వాళ్ళకి తెలిసింది గది."

"ఇది అన్యాయం కాదా బావా? వాళ్ళ దేశం వేరు, మన దేశం వేరు. మనింట్లో ఎవరు పెద్దగా ఉండాలో వాళ్ళు తేలుస్తారా?"

"అన్యాయమే" అన్నాడు మేస్త్రి. దాని గురించి ఆయనకు అనుమానం లేదు. పక్కింటి మీటరులోంచి దొంగతనంగా వైరు లాగినవాడు దొంగే. ఆ దీపం కింద ఎవరు చదువుకున్నా, ఎవరు అన్నం తిన్నా, దొంగే.

"పక్క ఊళ్ళో వాళ్ళిచ్చిన నీటి మోటార్లకు సీలు వేయించాం, తెలుసా? ఎన్నికల కోసమే ఇచ్చారని రుజువైతే చట్టం ఊరుకోదు. ఇక్కడ అడిగితే, కిందటి నెలలో ఆసుపత్రి అడిగింది, ఇచ్చాం అంటున్నారు. నువ్వు వచ్చి ఆ కొలతలు నావి, ఆ ఉత్తరం నేను రాసింది అని ఒక్క మాట చెప్పు. నాలుగేళ్ళు దాచారని తేలిపోతుంది. దేశమంతా వింటుంది బావా. అక్క పేరు దేశమంతా వింటుంది."

"మిషన్లకి సీలు వేస్తారా?"

"వేస్తారు మరి. మనవాళ్ళు గెలిచాక మనమే తెస్తాం."

"ఎప్పుడు?"

బావమరిది దాన్ని జవాబు చెప్పాల్సిన ప్రశ్న అనుకోలేదు. లేచి చెప్పులేసుకుంటూ, "నీ పేరు సాక్షిగా రాయిస్తున్నా" అని వెళ్ళిపోయాడు. మేస్త్రి వద్దనలేదు. ఇన్నాళ్ళూ తనను చూసి వీధి మారిన జనమంతా ఒకచోట కూర్చుని తన మాట వింటారు. అది తలుచుకుంటే ఆయనకు ఒళ్ళు పొంగింది.

గురువారం పది గంటలకు మిషన్ మొదలైంది. జెండాలు, దండలు, ఫొటోలు అన్నీ అయిపోయి, వచ్చినవాళ్ళు కార్లెక్కి వెళ్ళిపోయాక, కిటికీ వైపు తిప్పిన కుర్చీలో కుట్టుమిషన్ ఆవిడ కూర్చుంది. బజారులో ఇరుకు కొట్టులో జాకెట్లు కుడుతుంది. రెండేళ్ళుగా బస్సు మీద పెద్ద ఊరు పోయివస్తోంది. మొహం ఉబ్బి, పాదాలు ఉబ్బి, నోరు మాత్రం ఏమీ తగ్గలేదు.

"మేస్త్రీ, నువ్వేనా వైర్లు కలిపింది? అయితే నేను పిల్లలకి ఒక మాట చెప్పొస్తా ఉండు."

"నా వైరుకి ఇంతవరకు ఎవరూ పోలేదమ్మా."

"మొదటిది నేనవుతానేమో. పేపర్లో పడుతుంది."

పెద్ద నర్సు ఆవిడ ఎడమచేతిలో రెండు సూదులు గుచ్చింది. మేస్త్రి స్విచ్చు బోర్డు దగ్గర నిలబడ్డాడు. ఏదైనా తేడా వస్తే ఆపాలని ఆయన్ని అక్కడ ఉంచారు. మిషన్ చిన్నగా మూలిగింది. చక్రం తిరిగింది. సన్నని గొట్టంలోకి ఎర్రగా, మెల్లగా రక్తం వచ్చింది.

ఆయన ఇంతవరకు ఇది చూడలేదు. పెద్ద ఊళ్ళో ఆడవాళ్ళ గదిలోకి మగవాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. బయట బల్ల మీద కూర్చునేవాడు. ఇప్పుడు చూస్తున్నాడు. మనిషి లోపల ఉండవలసింది మనిషి బయటికి వచ్చి, చక్రం ఎక్కి, జానెడు గాజుగొట్టం లాంటి దాంట్లోకి దూరింది. దాని లోపల తల వెంట్రుకంత సన్నని గొట్టాలు పదివేలున్నాయట. రక్తం వాటిలోంచి పోతుంటే, ఆయన చెక్కిన గూట్లో కూర్చున్న ప్లాంటు నుంచి వచ్చిన నీళ్ళు వాటి బయటినుంచి పోతున్నాయి. రెండూ కలవవు. పక్కపక్కనే ఎదురెదురుగా పోతూ, ఒకటి రెండోదాని విషం మోసుకుపోతుంది. శుభ్రపడిన రక్తం మళ్ళీ చేతిలోకి వెళ్ళిపోతోంది. గంటకు ఎన్నిసార్లో. మేస్త్రికి గుడి గుర్తు రాలేదు, దేవుడు గుర్తు రాలేదు. పని గుర్తొచ్చింది. ఇంత పని ఎవరు ఆలోచించారు? ఏ చేతులు చేశాయి? ఆయన గోడకు ఆనుకున్నాడు.

"ఇలా రా" అంది ఆవిడ. "ఇక్కడ వేలు పెట్టు."

సూదులకు పైన, మోచేతి దగ్గర, డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసిన నరం తాడులా ఉబ్బి ఉంది. వేలు పెట్టాడు. ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి వేసినట్టు జుమ్ముమని కొట్టుకుంటోంది. ఆయనకు తెలిసిన కొట్టుకోవడమే. ఆయన భార్య మణికట్టులో ఏళ్ళ తరబడి విన్నదే. చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాడు.

"భయపడ్డావా?"

"లేదమ్మా."

"మొహం చూడు, నువ్వే కూర్చున్నట్టుంది కుర్చీలో." ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. వీధిలో ఒకాయన సైకిల్ చైను వేసుకుంటున్నాడు. "ఇంట్లో చెప్పేశా. ఇక బస్సెక్కను. ఇక్కడైతే ఇక్కడ, లేకపోతే లేదు. నా వల్ల కాదు, ఒళ్ళు పులుసైపోయింది."

మేస్త్రి స్విచ్చు బోర్డు వైపు ఓసారి చూశాడు.

ఆవిడ గొంతు తగ్గించింది. "నర్సమ్మకి చెప్పకు గానీ, నా ఓటు మాత్రం ఆ నవ్వుమొహం పెద్దాయనకి వెయ్యను. మీ బావమరిది పార్టీకే. వాళ్ళు మిషన్ ఇచ్చి చెయ్యి అడిగారు. చెయ్యి ఇచ్చాను. ఓటేసే వేలు నాది."

"వాళ్ళు అంత దూరంనుంచి లెక్కలేసుకుని తెచ్చారమ్మా. ఊరు ఇటు ఒరుగుతుందని."

"ఒరగనీ. లెక్కేసుకున్నది వాళ్ళు, వేసేది నేను. ఈ నీళ్ళు ఎవరివైతే నాకేంటి, లోపలికి వచ్చేది నా రక్తమేగా?" అని ఆగి, అలిసిపోయిన కళ్ళు మూసుకుంది. "అయినా మేస్త్రీ, నా రక్తం బయటికెళ్ళి ఊరు చూసొస్తోంది. నేను ఎక్కడికీ పోలేదు గానీ."

నాలుగు గంటల తర్వాత సూదులు తీశారు. ఆవిడ పాదాలు చూసుకుంది. చెప్పులు పట్టాయి. రెండేళ్ళ తర్వాత తన చెప్పుల్లో తన పాదాలు పట్టాయని నవ్వుతూ, గేటు దాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచింది. మేస్త్రి చూస్తూ నిలబడ్డాడు, ఆవిడ మలుపు తిరిగేదాకా.

శనివారం ఎన్నికల విచారణ అధికారి వచ్చాడు. పెద్ద నర్సు గదిలో బల్ల వేశారు. బక్కపలచని మనిషి, కళ్ళద్దాలు, చేతిలో సీలు వేసే లక్క, నాడా ఉన్న సంచి. ఆ సంచిని బల్ల మీద పెట్టి దాని పక్కన గోడ పటం పరిచాడు. గుమ్మం దగ్గర బావమరిది, ఇంకో నలుగురు. కిటికీ బయట జనం.

"ఈ పటంలో కొలతలు మీవని ఫిర్యాదులో ఉంది" అన్నాడు అధికారి. "నాలుగేళ్ళ క్రితం మీరు సర్కారుకు ఉత్తరం రాశారని, ఆ ఉత్తరం బయటి దేశం చేతిలో పడిందని, వాళ్ళు దాన్ని ఎన్నికల దాకా దాచారని."

మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేం ఆరోగ్యశాఖను అడిగాం. అలాంటి ఉత్తరం అందినట్టు వాళ్ళ రిజిస్టర్లో లేదు. అవతలివాళ్ళేమో, తేదీ ఫారం అచ్చయిన తేదీ, కొలతలు మావే, తప్పు పడ్డాయి అంటున్నారు."

"ఆ తప్పు మా బావ టేపుది సార్!" అన్నాడు బావమరిది.

"తెగిన టేపులు వంద ఉంటాయి పంతులు గారూ. నాకు టేపు వద్దు, మనిషి మాట కావాలి." అధికారి కళ్ళద్దాలు తీశాడు. "ఆయన రాశానంటే రాసినట్టు. మిషన్లకు ఈ పూటే సీలు. లేదంటే ఫిర్యాదు కొట్టేస్తాను. చెప్పండి. ఉత్తరం రాశారా?"

అవతల గదిలో మిషన్ నడుస్తోంది. కుట్టుమిషన్ ఆవిడకు రెండో రోజు. గోడలోంచి చక్రం తిరుగుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. మేస్త్రికి ఒకటే తోచింది. ఈ ఒక్క మాటకు అన్నీ తేలిపోతాయి. వాళ్ళ దొంగతనం తేలిపోతుంది. తన ఉత్తరం నిజమైపోతుంది. ఆ చప్పుడు ఆగిపోతుంది.

"లేదు" అన్నాడు.

అధికారి కలం తీశాడు.

"బావా!"

"ఏ ఉత్తరమూ రాయలేదు" అన్నాడు మేస్త్రి, అధికారి వైపే చూస్తూ.

"ఇన్నేళ్ళుగా ఊరంతా చెప్పుకుని తిరిగావే! అక్క కోసం రాశాను, పటం గీశాను అని!"

"ఊరికే చెప్పాను."

"అక్క మీద ఒట్టేసి చెప్పు."

మేస్త్రి అప్పుడు తల తిప్పాడు. బావమరిది కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ కళ్ళు అక్క పోలికే.

"మీ అక్క మీద ఒట్టు" అన్నాడు. "మీ అక్క కోసం నేనేమీ రాయలేదు. ఏమీ చేయలేదు."

కిటికీ బయట ఎవరో నాలుకతో చప్పరించారు. ఇంకెవరో, "చూశావా, ఇన్నాళ్ళూ మన చెవుల్లో ఊదిందంతా ఉత్త కథ" అన్నారు. అధికారి ఒక గీత గీసి, కింద సంతకం పెట్టమని కాగితం తిప్పాడు. మేస్త్రి పెట్టాడు. అధికారి సంచి తీసుకుని కారెక్కాడు.

బావమరిది గేటు దగ్గర ఆగాడు. "అక్క పోయినప్పుడు నాకు నువ్వు మిగిలావనుకున్నా" అన్నాడు. "ఇంక నా గడప తొక్కకు."

"సరే."

"వాళ్ళకి అమ్ముడుపోయావా? అదైనా చెప్పి చావు."

బావమరిది నేలమీద ఉమ్మి వెళ్ళిపోయాడు. వాళ్ళు చేసింది సాయం కాదు, మేస్త్రికి తెలుసు. సాయమైతే నాలుగేళ్ళ క్రితం వచ్చేది. వాళ్ళను క్షమించడం ఆయన వల్ల కాదు, క్షమించాలని అనుకోనూ లేదు. ఆ కోపాన్ని కూడా ఎవరికీ చెప్పుకోకుండా మోయాలి ఇక. చెబితే ఉత్తరం సంగతి చెప్పాలి.

ఎన్నికలు అయిపోయాయి. గెలిచినవాళ్ళు గెలిచారు. మిషన్లు ఉన్న చోటే ఉన్నాయి. ఊళ్ళో ఇప్పుడు మేస్త్రిని చూసి ఎవరూ వీధి మారడం లేదు. ఎదురుగానే వచ్చి, పక్కవాళ్ళ చెవిలో ఏదో అని, నవ్వి పోతున్నారు. పెళ్ళాం కోసం ఒక్క ఉత్తరం ముక్క రాయనివాడు అంటున్నారు.

ఒకరోజు కుర్చీల మీద గుడ్డలు మారుస్తూ పెద్ద నర్సు ఆగింది. తలుపు దగ్గరగా వేసింది.

"మేస్త్రి గారూ, ఆ ఉత్తరం పోస్టు చేసిన రోజు కవరు మీద చిరునామా రాసింది నేనే. మరిచిపోయారా?"

మేస్త్రి స్విచ్చు బోర్డు మూత బిగిస్తున్నాడు. మరలు నాలుగూ బిగించాడు. తర్వాత స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు.

"ఏ ఉత్తరం?" అన్నాడు.

ఆవిడ ఏదో అనబోయింది.

"వద్దమ్మా. ఆ మాట నా దగ్గర ఎత్తొద్దు. మీరే కాదు, ఎవరూ."

ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. ఆయన మళ్ళీ ఎవరితోనూ అనలేదు.